రిలక్టెంట్ అంటే మా నాయిన

షామీర్‌పేటల మా పాత ఇల్లు కూలగొట్టినంక తమ్ముడు ఒక గోనెసంచి తెచ్చి నా ఇంటి ముంగట దించి పోయిండు. ఎవలకు అక్కరలేని సామాన్లన్ని అక్క నెత్తికే వస్తయి, మా ఇంట్ల మొదటికెళ్లి ఉన్న సంగతే అది. సంచి ఇప్పి చూస్తే సొట్టలు పడ్డ ఇత్తడి చెంబులు, మా అవ్వ వక్కలు దంచుకునే చిన్న రోలు, అడుగున తుప్పువట్టిన పాతాళ గరిగె. చేదబావిల బొక్కెన తెగి పడితే తాడు కట్టి దించి ఎతికే ఇనుప కొక్కేల గుత్తి అది. మా నాయిన దాన్ని బావుల కంటె చెరువులనే ఎక్కువ దించిండు. దాన్ని చూడంగనే నా చెయ్యి ఎనక్కి పోయింది. డెబ్బై దాటినదాన్ని, బతుకంత పిల్లలకు ఇంగ్లీషు చెప్పి రిటైరైనదాన్ని, ఆ ఇనుప ముక్కను మాత్రం గడప దాటనియ్యలే. గేటు పక్కన గోడకు మేకు కొట్టిచ్చి అక్కడ్నే తగిలిచ్చిన.

తమ్ముని మనవరాలు శ్రావణి నా దగ్గర్నే ఉండి చదువుకుంటాంది. కండ్లకోయల ఇంజనీరింగు. మచ్చ బొల్లారంల కాలేజి బస్సు మా సందు చివర్నే ఆగుతదని నా ఇంటికొచ్చి పడ్డది. మంచి పిల్లనే గని నోరు జర ఎక్కువ. ఇంత చదివిచ్చినదానివి ఇనుముకు భయపడ్తవా నానమ్మా అని నవ్వింది. నోర్మూసుకోని ఇడ్లి తిను అన్న. పొద్దుగాల్నించి దానికి కాళ్లు నేల మీద నిలుస్తలేవు, తెల్లారితే కాలేజికి ఏదో కంపెనీ వస్తాందట, ముందు పరీక్ష, తర్వాత ఇంటర్వ్యూ. ఫోన్ల ఇంగ్లీషు మాటలు చూసుకుంట అర్థాలు నెమరేస్తాంది. ఒక తాన ఆగి, నానమ్మా, రిలక్టెంట్ అంటే అన్‌విల్లింగే కదా, ఇష్టం లేకపోవుడు, అన్నది. తప్పు కాదు బిడ్డా, సగమే అన్న. మరి మిగిలిన సగం ఏంది అని మొఖం చిట్లిచ్చింది. నా కండ్లు గేటు దిక్కు పోయినయి. మిగిలిన సగం మీ ముత్తాత అని చెప్పిన.

బడిల ఆ మాట వచ్చినప్పుడల్ల నేను సతమతమయ్యేదాన్ని. డిక్షనరీల అయిష్టం అని ఉంటది, విముఖత అని ఉంటది. పిల్లలు అదే రాసుకోని కంఠస్థం చేసేటోళ్లు, మార్కులు కూడ వచ్చేటియి. కని వద్దన్నోడు రిలక్టెంట్ కాదు, వాడు వద్దని ఇంట్ల కూసుంటడు. సరేనని ఉరికేటోడు అసలే కాదు. పోబుద్ధి అయితలేదు, పోకుంటే మనసు ఊకుంటలేదు, చివరికి లేచి పోతడు చూడు, ఆ నడుమ నలిగేటోని మాట అది. మా ఇంట్ల దానికి ఒక్క మాటంటు లేకుండె. కాళ్లు వస్తలేవు అనేటోళ్లు, మనసొప్పుతలేదు అనేటోళ్లు, ఎనకాముందాడుతుండు అనేటోళ్లు. మాట లేదు గని మనిషి ఉండె. ఇంట్లనే ఉండె.

మేం చేపలు పట్టేటోళ్లం. మా ఇల్లు షామీర్‌పేట చెరువు కట్టకు దగ్గర, పొద్దుగాల తలుపు తీస్తే నీళ్ల వాసన ముందుగాల లోపటికొచ్చేది. తుమ్మచెక్క ఉడికిచ్చిన నీళ్లల్ల వలలు ముంచి ఎండేసేటోళ్లు, ఆ వగరు వాసన మా బట్టలకు, జుట్టుకు, ఆఖరికి అన్నానికి కూడ పట్టేది. మా అవ్వ, అంటే నాయిన తల్లి, వాకిట్ల కత్తిపీట ముంగటేసుకోని బూడిద అద్దుకుంట కొర్రమట్టలు తోమేది, నోట్ల తమలపాకు ఎప్పుడు ఒడువకపోయేది. ఆమె నోరు మంచిది కాదు. కని అమ్మకు చేపపులుసుల ముల్లు లేని ముక్క ఏరి పెట్టేది కూడ ఆమెనే. నాయిన మాట్లాడుడు తక్కువ. తెల్లారకముందే లేచి కట్ట మీద కూసోని చెరువు దిక్కు చూసేటోడు, చాయ్ చల్లారిపోయినంక తాగేటోడు. నీళ్లల్ల ఆయనకు దమ్ము ఎక్కువ, మునిగిండంటే ఒడ్డున చూసేటోళ్లకు గుండె ఆగేది. చిన్నప్పుడు ఆయన మునిగినప్పుడల్ల నేను కూడ ఊపిరి బిగవట్టేదాన్ని, ఎన్నడు ఆయన్తోని సరిపోలే.

చెరువుల ఎవలన్న పడిపోతే మావోళ్లనే పిలిచేటోళ్లు. పట్నంకెళ్లి సరదాకు వచ్చిన పోరగాండ్లు, బట్టలుతుక జారిన ఆడోళ్లు, ఎవలైన సరే. పీనుగ దొరికేదాంక ఊర్ల ఎవ్వలు వల వెయ్యొద్దు, అది మా కట్టుబాటు. నాయిన పీనుగను తీసుకొచ్చినంక తూము కింద కాల్వల తానం చేసేటోడు, ఆ బట్టలు అక్కడ్నే ఇడిచిపెట్టేటోడు. అమ్మ వాకిట్ల పసుపు నీళ్లు పోసేది, వేపాకు నమిలి ఉమ్మినంక దీపం ముట్టిచ్చి లోపటికి రమ్మనేటోళ్లు. పాతాళ గరిగె మాత్రం ఇంట్లకు రాకపోయేది. కట్ట మీద మా వలల కొట్టం ఉండె, దాని గుంజకే తగిలిచ్చేటోడు. ఆ పని నాయినకు ఇష్టం అని నేను ఎన్నడు అనుకోలే. పిలుపు రాంగనే మొఖం గుంజుకపోయేది, ధోతి ముడి ఇప్పి మళ్ల కట్టేటోడు, కట్ట దాంక పొయ్యి ఒకసారి ఎనక్కి తిరిగి చూసేటోడు. అయినా పోయేటోడు.

నేను అల్వాల్ల బడికి పోవట్టిన కొత్తల అమ్మ కడుపుతోటి ఉండె. నా తర్వాత అమ్మకు రెండు కాన్పులు చెడిపోయినయి, నెలలు నిండినంకనే. పుట్టిన పిల్లలు ఏడ్వలే. అప్పట్ల అట్లాంటి పిల్లను తల్లికి చూపియ్యకపోయేటోళ్లు, చూస్తే రంది పెట్టుకుంటదని గుడ్డల చుట్టి తీస్కపోయి పాతిపెట్టేటోళ్లు. అమ్మ అర్రలకెళ్లి ఒక్కసారి ఇయ్యున్రి అని అడుగుడు నేను ఇన్న. అవ్వ ఇయ్యలే. అందుకే ఈసారి ఇల్లంత బుగులుగ ఉండె. కడుపుతోటి ఉన్నదాని మొగడు పీనుగను ముట్టొద్దు, పాడె మొయ్యొద్దు, గడ్డం కూడ గీసుకోవద్దు అంటరు. అవ్వ ఆ కట్టుబాటు నాయినతోని ఒట్టు ఏపిచ్చి మరీ చెప్పింది. చెరువు పిలుపు వస్తే ఎవలన్న పోనీ, నువ్వు మాత్రం కాన్పు అయ్యేదాంక కదలొద్దన్నది. నాయిన తల ఊపిండు. మేమందరం నిమ్మళపడ్డం.

వానలు పడి చెరువు అలుగు పారే రోజులు. అల్వాల్‌కెళ్లి కొందరు పోరగాండ్లు సైకిళ్ల మీద ఈతకొచ్చిన్రు, అండ్ల సామేలు అనే పిల్లగాడు పైకి రాలే. మావోళ్లు పుట్టి పడవలేసుకోని, గరిగెలు దించి తెల్లందాక ఎతికిన్రు. నీళ్ల కింద మునిగిన తుమ్మచెట్లు ఉన్నయి, కొక్కేలన్ని కొమ్మలకే తట్టుకుంటున్నయి. మరునాడు కూడ దొరకలే. వలలన్ని ఒడ్డునే ఉన్నయి, ఊర్ల పొయ్యిలు సల్లగున్నయి. ఎల్లయ్య దిగితే తప్ప కాదు అని అందరు అనవట్టిన్రు. ఎల్లయ్య అంటే మా నాయిన. పోలీసాయన వచ్చి అడిగిండు, నాయిన నేల దిక్కు చూసుకుంట ఇంట్ల పరిస్థితి చెప్పిండు, ఆయన ఎనక్కి మర్లి పోయిండు.

అప్పుడొచ్చింది రూతమ్మ. సామేలు తల్లి. అల్వాల్ చర్చి ఎనక ఇండ్లల్ల ఉంటది, మిలటరోళ్ల ఇంట్ల వంట చేస్తది, మొగడు లేడు, ఒక్కడే కొడుకు. ఎవలు చెప్పిన్రో ఏమో నడుసుకుంట మా వాకిట్లకొచ్చి గుంజకు ఆనుకోని కూసున్నది. చెప్పులు చేతుల పట్టుకోని ఉండె. ఏడ్వలే. ఏడిస్తే మాకు సులువయ్యేది, ఓదార్చి పంపేటోళ్లం. అవ్వ ఆమెకు చెంబుల నీళ్లిచ్చి, మా కోడలి సంగతి గిట్లుంది బిడ్డా, తప్పు పట్టకు అని చెప్పింది. రూతమ్మ అన్ని ఇన్నది. నాయిన అరుగు మీద వల అల్లుతుండు, ఒకే కన్నుల దారం దూర్చుడు, తీసుడు, మళ్ల దూర్చుడు. నాయినా పోకు అని మనసుల మొక్కుకున్న. ఆమె మొఖం చూస్తే పో అని కూడ అనిపిచ్చింది.

రూతమ్మ నాయిన దిక్కు తిరిగింది. "నేను బతికియ్యమంటలేను అన్నా. చూపియ్యమంటున్న. రేపటికైతే వాని మొఖం గుర్తు కూడ పట్టరాదు."

నాయిన తల ఎత్తలే. అవ్వ లేచి, ఇగ పో బిడ్డా అని ఆమె చెయ్యి పట్టుకోవోయింది. అప్పుడే అమ్మ అర్రలకెళ్లి బయటికొచ్చింది. నడుం మీద చెయ్యి పెట్టుకోని, తలుపు చెక్క పట్టుకోని నిలవడ్డది. అమ్మ ఎప్పుడు అత్త ముంగట గొంతు లేపిన మనిషి కాదు. ఆ రోజు కూడ లేపలే, మెల్లగనే అన్నది.

"పో నువ్వు. నా పిల్లల మొఖాలు నాకు సూపియ్యలే. ఆమెకన్న సూపియ్యి."

అవ్వ నోట్ల తమలపాకు నములుడు ఆగిపోయింది. ఆమెనే కదా అప్పుడు చూపియ్యంది. అవ్వ ఎనక్కి తిరిగి కత్తిపీట కాడికి పొయ్యి కూసున్నది, నా కండ్ల ముంగట పోకున్రి అని మొఖం అటు పెట్టుకున్నది. నాయిన వల పక్కన పెట్టి లేచిండు. ధోతి ముడి ఇప్పి మళ్ల కట్టిండు. గడప కాడ అమ్మ దిక్కు చూసిండు, మూల దాంక పొయ్యి ఆగిండు, ఎనక్కొచ్చి చెంబెడు నీళ్లు తాగిండు, మళ్ల పోయిండు. ఒకపాలి అయితే నడి బజార్ల కూసున్నడు కూడ. నేను ఎనకెనక పోయిన. ఆయన ఇంటికి మర్లుతడేమో అనుకున్న, మర్లితే బాగుండనుకున్న.

కట్ట మీద కొట్టం కాడ గరిగె తీసుకున్నడు. పుట్టి ఎక్కేముందు ఏమనుకున్నడో దాన్ని ఒడ్డునే పెట్టిండు. కొక్కెం తాకితే పిల్లగాని ఒళ్లు చీరుకపోతదని పుట్టి నడిపే మా చిన్నాయినకు చెప్పిండట. ఉత్త చేతులతోనే దిగిండు. మునుగుడు, పైకొచ్చి కొమ్మ పట్టుకోని రొప్పుడు, మళ్ల మునుగుడు. రూతమ్మ నా పక్కన్నే నిలవడి నా భుజం పట్టుకున్నది, ఆ పట్టు ఇప్పటికి నాకు ఎరికే. ఒకసారి మునిగినోడు ఎంతకు రాలే. చిన్నాయిన పుట్టిలకెళ్లి దూకవోయిండు. అప్పుడు నీళ్లు కదిలినయి, నాయిన తల పైకొచ్చింది, ఆయన రెండు చేతుల మీద సామేలు. సంటిపిల్లను ఎత్తుకున్నట్టే ఎత్తుకోని వచ్చి తల్లి ముంగట పండవెట్టిండు. రూతమ్మ కొడుకు మొఖం మీది నాచు కొంగుతోని తుడిచింది. అప్పుడు ఏడ్చింది.

నాయిన తూము కింద తానం చేసిండు. కని ఇంటికి రాలే. అమ్మ పసుపు నీళ్లు కలిపి వాకిట్ల పెట్టుకోని కూసున్నది, దీపం ముట్టిచ్చింది, ఆయన కొట్టంలనే పండుకున్నడు. కాన్పు అయ్యేదాంక రాను అని నాతోని చెప్పి పంపిండు. ఎవలు పొమ్మనలే. అవ్వ కూడ పొయ్యి పిలిచింది, అయిందేదో అయింది ఇంటికి రారా అన్నది. రాలే. సర్వల అన్నం, మీద పులుసు పోసుకోని రోజు నేనే పోయేదాన్ని. రాయి మీద పెట్టు బిడ్డా, దూరం జరుగు అనేటోడు. అమ్మ తిన్నదా, కాళ్లకు వాపులు తగ్గినయా, పిల్ల కదులుతాందా అని అన్ని అడిగేటోడు. పొద్దుమీకి మా ఇంటి ముంగటి బాటల నిలవడి దీపం దిక్కు చూసేటోడు, అమ్మ గడప లోపట నిలవడి ఆయన దిక్కు చూసేది. నాకు ఇద్దరి మీద కోపం వచ్చేది.

ఆ నెలలల్లనే బడిల టీచరమ్మ రిలక్టెంట్ అనే మాట బోర్డు మీద రాసింది. అన్‌విల్లింగ్ అని అర్థం చెప్పి, తలా ఒక వాక్యం చెప్పుమన్నది. అందరు బడికి పోబుద్ధి కాదని, కాకరకాయ తినబుద్ధి కాదని చెప్పి నవ్విన్రు. నా వంతు వచ్చింది. మై ఫాదర్ ఈజ్ రిలక్టెంట్ టు కమ్ ఇంటు ద హౌస్ అన్న. మా నాయినకు ఇంట్లకు రాబుద్ధి కాదని. టీచరమ్మ జర చిన్నబోయి, మీ నాయినకు ఇల్లంటే ఇష్టం లేదా అని అడిగింది. ఇష్టమే టీచర్, మస్తు ఇష్టం, అందుకే వస్తలేడు అని ఏడుపు ఆపుకోలేకపోయిన. వాక్యం తప్పని ఆమె అనలే. కొట్టేయకుంట బోర్డు మీద రాసింది.

రూతమ్మ అప్పుడప్పుడు బడి గేటు కాడ నా కోసం నిలవడేది. చేతుల రొట్టె ముక్కో, అరటిపండో పెట్టి, అమ్మ మంచిగుందా అని అడిగేది. మంచిగుంది అంటే ఊపిరి ఇడిచేది. ఆమె కూడ మా తోటే భయపడ్తాందని నాకు తెలిసింది. తన కోసం పోయినందుకు మా ఇంట్ల ఏమన్న అయితే ఆమె ఎట్ల మోస్తది? మాకు ఏ చెడు జరగొద్దని ఆమె చర్చిల మోకాళ్ల మీద ఉంటుండె, మా అవ్వ ఎల్లమ్మకు ముడుపు కట్టింది. నేను ఎవలకు మొక్కాలెనో తెల్వక ఇద్దరికి మొక్కిన.

నొప్పులు పొద్దుగాల మొదలైనయి. మంత్రసాని వచ్చింది, అర్ర తలుపు మూసిన్రు. నాయిన బాటల ఆ కొసకు ఈ కొసకు తిరుగుతుండు, గేటు లేని వాకిలి మాది, అయినా లోపటికి అడుగు పెట్టలే. ఎండ నడినెత్తికొచ్చింది. అమ్మ గొంతు ఇనవడుడు ఆగింది. పుట్టిందని ఎవలో అన్నరు. ఏడుపు మాత్రం ఇనవడలే. అవ్వ లోపట ఏడుకొండలోన్ని పిలుస్తాంది, మంత్రసాని చేతులతోని చరుస్తున్న సప్పుడు. నాయిన మట్టిల కూలవడి చెవులు మూసుకున్నడు. నేను ఆయన్ని చూసిన, అర్ర తలుపును చూసిన, ఏ దిక్కు పోవాలెనో తెల్వలే. అప్పుడు సన్నగ, పిల్లి కూన లెక్క ఒక కూత. ఆ ఎనక ఇల్లు ఎగిరిపోయేటట్టు ఏడుపు. అవ్వ తలుపు తీసుకోని, మొగపిల్లగాడురా, బతికిండురా అని బాట దిక్కు అరిచింది.

ఇగ వస్తడనుకున్నం. రాలే. తన చేతులు చూసుకుంట నిలవడ్డడు. గీ చేతులతోని ఎట్ల పట్టుకోవాలె అన్నడు. పురుడు ఎళ్లినా రాలే, బాలింత తానాలైనా రాలే. అమ్మ తలుపుల నిలవడి పిల్లగాన్ని బాట దిక్కు ఎత్తి చూపిచ్చేది. ఆయన ధోతి ముడి ఇప్పి మళ్ల కట్టుకునేటోడు, అడుగు ముందుకేసేటోడు, ఆగిపోయేటోడు. ముట్టుకుంటే పిల్లగానికి ఏమన్న అయితదని లోపట కూసున్న భయం. అది ఎవలు చెప్పినా పోలే.

పిల్లగాడు పుట్టిండని బడి కాడ రూతమ్మకు నేనే చెప్పిన, మా నాయిన ఎత్తుకుంటలేడని కూడ చెప్పిన. ఆదివారం ప్రార్థన కాంగనే తెల్లచీర మీదనే బస్సెక్కి వచ్చింది. బాటల నాయినకు దండం పెట్టి, సీదా లోపటికి పోయింది. అమ్మతోని ఏం మాట్లాడిందో తెల్వదు. పిల్లగాన్ని గుడ్డల చుట్టుకోని బయటికొచ్చి, వాకిలి దాటి బాటల నాయిన ముంగట నిలవడ్డది. మా అవ్వ ఆపలే. రూతమ్మ పిల్లగాన్ని ముందుకు చాపింది.

"నా కొడుకును నాకు తెచ్చిచ్చిన చేతులు అన్నా గివి. పట్టుకో."

నాయిన సామేలును పట్టుకోని వచ్చినట్టే రెండు చేతులు చాపిండు. ఆమె పిల్లగాన్ని వాటి మీద పెట్టి, ఎనకకెళ్లి నాయిన వీపు మీద చెయ్యేసి మెల్లగ నూకింది. అట్ల నాయిన మా గడప తొక్కిండు. అమ్మ పసుపు నీళ్లు పొయ్యాల్నన్న సంగతే మర్చిపోయింది.

ఇప్పుడు చెరువు కాడ ఈత నిషేధం అని బోర్డులున్నయి, బిర్యాని హోటళ్లున్నయి, ఎవలన్న పడితే సర్కారు మనుషులు రబ్బరు పడవలు, గాలి డబ్బాలు తెస్తరు. మంచిదే. ఎవలింటి మొగడు వాకిట్ల తలొంచుకోని కూసోవలసిన పని లేదు. కని శ్రావణి వయసోళ్లను చూస్తుంటే నాకు ఒకటి అనిపిస్తది. వీళ్లకు అన్ని జల్దీ కావాలె. పిలుస్తే ఫోన్ల ఒక బొమ్మ నొక్కి వస్తనంటరు, ఇంకో బొమ్మ నొక్కి రానంటరు. ధోతి ముడి ఇప్పి మళ్ల కట్టుకునేంత టైము ఎవలకు లేదు. మంచిగైందో చెడ్డగైందో నాకు చెప్పరాదు.

ఇదంత చెప్పేటాలకు శ్రావణి ఇడ్లి ఎండిపోయింది. పోరి లేచి గేటు కాడికి పొయ్యి గరిగెను చూసి వచ్చింది. ముట్టుకోలే. తెల్లారి ఇస్త్రీ బట్టలేసుకున్నది, తమ్ముడొచ్చి బస్సెక్కిచ్చిండు. నేను పొద్దంత పరేషాన్. పొద్దుగూకంగ వచ్చి చెప్పులు ఇడిసి సోఫాల కూలవడ్డది. రిలక్టెంట్ అడిగిన్రా అన్న. పరీక్షల అసలు రానే లేదట. ఇంటర్వ్యూల మాత్రం ఒక సారు, మనసొప్పకున్నా చేసిన పని ఏదన్న చెప్పు అని అడిగిండట. నా బతుకుల ఏం లేదు సార్, మా ఇంట్ల ఒక మనిషి చేసిండు, చెప్పనా అని నాయిన ముచ్చట మొత్తం చెప్పిందట.

"సారు ఏమన్నడే" అన్న.

"నానమ్మా, పెన్ను పక్కన పెట్టి, ఆ పిల్లగాడు మరి మంచిగ పెరిగిండా, ఇంకా ఉన్నడా అని అడిగిండు."

"నువ్వేం చెప్పినవు?"

"ఫీజు కట్టింది ఆయనే సార్, పొద్దుగాల నన్ను బస్సెక్కిచ్చింది కూడ ఆయనే అని చెప్పిన."